వజ్రాల నగ కొనేముందు బిల్లు చదవడం నేర్చుకోండి

నర్సంపేట దగ్గర మా పెద్దమ్మ వాళ్లు మిర్చి వేస్తారు. ఒక ఏడాది ఎనుమాముల మార్కెట్లో ధర బాగా పలికి చేతిలో నాలుగు పైసలు మిగిలితే, బిడ్డ పెళ్లికి పనికొస్తుంది, కష్టమొస్తే కుదువకూ పనికొస్తుంది అనుకుని పెద్దమ్మ 1,80,000 రూపాయలు పెట్టి ఒక వజ్రాల నెక్లెస్ తీసుకుంది. తర్వాత తామర పురుగు పడి తోట పోయింది. మళ్లీ పెట్టుబడి కావాలి కాబట్టి నెక్లెస్ పట్టుకుని బ్యాంకుకు పోయింది. అక్కడ నగలు పరీక్షించి విలువ కట్టే అప్రైజర్ తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి, మిగిలింది 18 క్యారెట్ల బంగారం 14 గ్రాముల చిల్లర అన్నాడు. "మరి రాళ్లకు సారూ?" అని అడిగితే "రాళ్లకు లోన్ ఇయ్యం అమ్మా, బంగారానికే" అన్నాడట. చేతికొచ్చింది 40,000. బ్యాంకు మెట్ల మీద కూర్చునే నాకు ఫోన్ చేసింది, "నన్ను మోసం చేసిన్రా బిడ్డా?" అని.

మోసం ఎవరూ చేయలేదు. ఆ బిల్లు నేను తర్వాత చూశాను, బంగారం ఎంత, రాయి ఎంత, మజూరీ (తయారీ కూలి) ఎంత, అన్నీ వరసగా రాసే ఉన్నాయి. కొనేటప్పుడు ఆ కాగితాన్ని చదివి చెప్పినవాళ్లే లేరు. నేను హనుమకొండలో ఒక నగల దుకాణంలో 6 ఏళ్లు బిల్లింగ్ కౌంటర్లో కూర్చున్నాను, అలాంటి బిల్లులు వేల కొద్దీ కొట్టాను, వాటిని చివరిదాకా చదివినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను. వజ్రాలు కొనొద్దని చెప్పడం లేదు. నాకు చాలా ఇష్టం, నా ముక్కుకు ఉన్నది కూడా వజ్రమే. రాయి ఖర్చు వేరు, బంగారం ఖర్చు వేరు అని విడదీసి చూసి కొనండి.

ముందు ఇంట్లో కూర్చునే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ నగ పెట్టుకోవడానికా, దాచుకోవడానికా? మన దగ్గర బంగారం అంటే సొమ్మూ అదే, బ్యాంకూ అదే. విత్తనాలకు, ఆస్పత్రికి, పిల్లల ఫీజులకు గంటలో డబ్బులు ఇచ్చేది అదే. ఆ పని వజ్రాల నగ చేయదు. బ్యాంకులైనా, గోల్డ్ లోన్ కంపెనీలైనా రాయిని లెక్కలోకి తీసుకోవు. కాబట్టి మీ దగ్గర ఉన్నది ఆ ఒక్క మొత్తమే అయితే, అది రేపు అవసరానికి అక్కరకు రావాలనుకుంటే, 22 క్యారెట్ల గొలుసో గాజులో కొనుక్కోండి, రాళ్లు లేనివి. అలాంటివి కొంత ఇంట్లో ఉండి, ఇది ముచ్చటకు కొంటున్నాం, పదేళ్లు పెట్టుకుని మురుస్తాం అనుకుంటేనే వజ్రాల కౌంటర్ వైపు వెళ్లండి. అప్పుడు ఏ టెన్షన్ ఉండదు.

ఇక క్యారెట్ గొడవ. మన వాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే, ఎందుకంటే ఒకే మాటను రెండింటికి వాడతాం. బంగారం దగ్గర క్యారెట్ అంటే స్వచ్ఛత. 24 అంటే మేలిమి, 22 అంటే నూటికి 91.6 వంతులు బంగారం, 18 అంటే 75, 14 అంటే 58.5. వజ్రం దగ్గర క్యారెట్ అంటే బరువు. 1 క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో అయిదో వంతు. ఆ క్యారెట్‌ను మళ్లీ 100 సెంట్లు చేస్తారు, 10 సెంట్ల రాయి, 25 సెంట్ల రాయి అని కౌంటర్లో వినిపించేది దాన్నే. "18 క్యారెట్ అంటున్నరు, కల్తీ బంగారమా?" అని చాలామంది పెద్దవాళ్లు నన్ను అడిగారు. కల్తీ కాదు. 22 క్యారెట్ల బంగారం మెత్తన, చిన్న రాయిని పట్టుకునే సన్నటి బంగారపు గోళ్లు కొన్నాళ్లకు వంగిపోతాయి, రాయి జారిపోతుంది. అందుకే వజ్రాల నగలు ఎక్కువగా 18లో, ఈ మధ్య 14లో కూడా చేస్తున్నారు. కాకపోతే 18 క్యారెట్ల నగకు 18 రేటే వేయాలి. బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండేది 22 రేటు, మీ బిల్లులో ఏ రేటు వేశారో వేలు పెట్టి అడగండి.

ఇప్పుడు రాళ్ల దగ్గరికి వద్దాం. "ఇది 1 క్యారెట్ నెక్లెస్ మేడమ్" అంటే ఒక్క 1 క్యారెట్ రాయి అని అర్థం కాదు. 1 సెంటు రాళ్లు 100 కలిపినా 1 క్యారెట్టే. కానీ ఒక్క పెద్ద రాయి, వంద చిన్న రాళ్లు ఒకే ధర కావు, పెద్ద రాయి దొరకడం అరుదు కాబట్టి బరువు పెరిగేకొద్దీ క్యారెట్ రేటే పెరుగుతూ పోతుంది. అరక్యారెట్, ముప్పావు క్యారెట్, 1 క్యారెట్ లాంటి రౌండ్ అంకెల దగ్గర ధర ఒక్కసారిగా ఎగురుతుంది కూడా. 1 క్యారెట్ సాలిటైర్ (ఒంటి రాయి) కావాలనుకునేవాళ్లు 90, 92 సెంట్ల రాయి చూపించమని అడిగితే వేలికి పెట్టుకున్నాక తేడా ఎవరూ కనిపెట్టలేరు, మిగిలే డబ్బు మాత్రం బాగానే ఉంటుంది. అందుకని బిల్లులో మొత్తం బరువు ఒక్కటే సరిపోదు, ఎన్ని రాళ్లు ఉన్నాయో సంఖ్య కూడా రాయించుకోండి. పాతకాలం రవ్వల దుద్దులు కొనేటప్పుడు మన అమ్మమ్మలు రాళ్లు లెక్కపెట్టే కొనేవారు.

ఇంకో రెండు విషయాలు కూడా చూసుకోండి, ఇవి దొంగతనాలు కావు, డిజైన్లే, కానీ తెలియకపోతే ఎక్కువ ధర పెట్టేస్తారు. ఒకటి, చిన్న రాయి చుట్టూ తెల్లగా మెరిసే లోహపు రేకు చెక్కి దూరం నుంచి పెద్ద రాయిలా కనిపించేలా చేస్తారు. నగను కంటికి దగ్గరగా తెచ్చి మెల్లగా తిప్పండి. అసలు రాయి ఎక్కడ ఆగిందో, రేకు ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. రెండోది, ఏడో తొమ్మిదో చిన్న రాళ్లను సందు లేకుండా పక్కపక్కన కూర్చి ఒకే సాలిటైర్‌లా చూపించేవి. చూడటానికి అందంగా ఉంటాయి, ధరా తక్కువే, కానీ మధ్యలో ఒక్క రాయి ఊడితే మళ్లీ కూర్చడం అందరి వల్లా కాదు. రోజూ పెట్టుకునే ఉంగరానికి అది వద్దని నేనైతే చెబుతాను.

రంగు, శుభ్రత సంగతి. రాయి రంగును ఇంగ్లీషు అక్షరాలతో చెబుతారు. డీ దగ్గర మొదలై జెడ్ దాకా పోతుంది, డీ అంటే అసలు రంగు లేనిది, కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ. శుభ్రత అంటే లోపల ఉండే మచ్చలు, గీతలు. వీవీఎస్, వీఎస్, ఎస్ఐ, ఐ అని దిగుతుంది. దుకాణాల్లో రెండూ కలిపి "ఈఎఫ్ వీవీఎస్", "జీహెచ్ వీఎస్", "ఐజే ఎస్ఐ" అంటారు. మొదటిది అన్నిటికన్నా ఖరీదు. కౌంటర్లో ఎప్పుడూ దాన్నే ముందు చూపిస్తారు, పక్కన కిందిది పెట్టి తేడా చూడమంటారు. నా మాట వినండి, పసుపు బంగారంలో బిగించిన చిన్న రాళ్లకు జీహెచ్ వీఎస్ చాలు. చుట్టూ ఉన్న బంగారం పచ్చదనమే రాయిలో కనిపిస్తుంది కాబట్టి ఈఎఫ్ పెట్టినా దాని తెలుపు మీకు దక్కదు. తెల్ల బంగారంలోనో ప్లాటినంలోనో పెద్ద రాయి ఒంటరిగా పెట్టుకుంటే అప్పుడు రంగుకు డబ్బు పెట్టండి.

మచ్చల్లో తెల్లటివి పెద్దగా ఇబ్బంది కాదు. నల్లటివి, అందులోనూ రాయి నడిమధ్య ఉన్నవి వద్దు. పాత రత్నశాస్త్రంలో కాకిపాదం అని ఒక దోషం చెబుతారు, కాకి కాలి గుర్తులాంటి నల్లటి గీత ఉన్న వజ్రం ఇంటికి తేకూడదని. మీకు ఆ నమ్మకం ఉన్నా లేకపోయినా, ఇంట్లో అత్తమ్మకు ఉంటే గొడవే కదా. 10 రెట్లు పెద్దగా చూపించే లూప్ ప్రతి వజ్రాల కౌంటర్లో ఉంటుంది, అడిగితే ఇస్తారు. లూప్‌ను కంటికి ఆనించి, నగను దాని దగ్గరికి తెచ్చుకోవాలి, లూప్‌ను నగ దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు. అలాగే వజ్రం అందరికీ అచ్చి రాదు, మూడు రోజులు ఇంట్లో పెట్టి చూడాలి అనే ఆచారం ఉన్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మీదీ అలాంటి ఇల్లయితే డబ్బు కట్టకముందే చెప్పండి, ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటారో బిల్లు వెనక రాయించుకోండి.

రంగు కన్నా శుభ్రత కన్నా ముఖ్యమైనది కట్. రాయి ఎంత మంచిదైనా కోత బాగా లేకపోతే వెలుగు కింది నుంచి కారిపోతుంది, రాయి చచ్చిపోయినట్టు ఉంటుంది. దీన్ని మీరే కనిపెట్టవచ్చు. షోరూంలో తల మీద ఉండే లైట్ల కింద గాజు ముక్క కూడా తళతళలాడుతుంది, అందుకే నగ పట్టుకుని తలుపు దగ్గరికి, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులోకి రండి. మంచి దుకాణం వాళ్లు కాదనరు, కావాలంటే ఒకరు మీ వెంట వస్తారు. అక్కడ వేలి మీద పెట్టుకుని చూడండి. రాయి మధ్యలోంచి మీ వేలి చర్మం గాజు పెంకులోంచి కనిపించినట్టు కనిపిస్తుంటే ఆ రాయి వద్దు. మెల్లగా కదిపితే తెల్లటి మెరుపు, నలుపు, మళ్లీ మెరుపు ఇలా చకచకా మారుతూ ఉంటే కోత బాగున్నట్టు. చిన్న రాళ్లలో ఫుల్ కట్, సింగిల్ కట్ అని రెండు రకాలుంటాయి, ఫుల్ కట్‌లో సానపట్టిన ముఖాలు 57 లేదా 58, సింగిల్ కట్‌లో 17 లేదా 18. ఏదో అడిగి తెలుసుకోండి, మెరుపులో తేడా అక్కడే వస్తుంది.

వజ్రమా కాదా అన్న భయం అందరికీ ఉంటుంది. అమెరికన్ డైమండ్ అనేది వజ్రం కాదు, జిర్కోనియా అనే తయారీ రాయి, అది వజ్రం కన్నా బరువు కూడా. మాయిసనైట్ అని మరొకటి వస్తోంది, దుకాణాల్లో పెన్నులా ఉండే వేడిని బట్టి పరీక్షించే యంత్రం పెడితే అది కూడా వజ్రంలాగే కూత పెడుతుంది. కాబట్టి ఆ కూత విని నిశ్చింతగా ఉండకండి. ల్యాబ్ గ్రోన్ సంగతి వేరు. అది నకిలీ కాదు, నిజంగా వజ్రమే, అదే కార్బన్, అదే గట్టిదనం. భూమిలో కాకుండా యంత్రంలో పెంచుతారు, సీవీడీ అని ఒక పద్ధతి, హెచ్‌పీహెచ్‌టీ అని ఇంకో పద్ధతి. కంటితో చూసి, లూప్‌తో చూసి ఎవరూ చెప్పలేరు, ల్యాబ్ యంత్రాలే చెప్పాలి. ధర సహజ వజ్రంలో కొద్ది భాగమే, ఈ కొన్నేళ్లలో ఇంకా బాగా పడిపోయింది. పెద్ద రాయి పెట్టుకోవాలన్న సరదా ఉండి, తిరిగి అమ్మే ఆలోచన లేకపోతే హాయిగా కొనుక్కోండి. మా చెల్లె నిశ్చితార్థపు ఉంగరం అదే, చాలా బాగుంది. కానీ ల్యాబ్ గ్రోన్‌ను సహజ వజ్రం ధరకు కొనకూడదు. బిల్లులో "సహజ వజ్రం" అనో "ల్యాబ్ గ్రోన్" అనో మాట స్పష్టంగా ఉండాలి, ఒట్టి "డైమండ్" అని రాస్తే మార్పించండి. మార్చడానికి నసిగితే లేచి వచ్చేయండి.

గోల్కొండ వజ్రం అనే మాట కూడా కౌంటర్లలో తరచూ వినిపిస్తుంది. మన నేల వజ్రాలకు పేరున్న మాట నిజమే. రుద్రమదేవి కాలంలో మోటుపల్లి రేవు వైపు వచ్చిన యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యంలో దొరికే వజ్రాల గురించి రాశాడు, కోహినూర్ మన భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదని వరంగల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ గోల్కొండ వజ్రాలకు పేరుపడ్డ కృష్ణా తీరంలోని కొల్లూరు గనులు ఎప్పుడో ఆగిపోయాయి. ఇవాళ మీ ముందు ట్రేలో ఉన్న రాయి ఆఫ్రికాలోనో రష్యాలోనో తవ్వి, ఎక్కువగా సూరత్‌లో సానపట్టి వచ్చినది. గోల్కొండ పేరుకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

కాగితాలు. బంగారానికి హాల్‌మార్క్, రాయికి సర్టిఫికెట్, రెండూ వేరువేరు, ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు. హాల్‌మార్క్‌లో బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత (18కి 750, 14కి 585, 22కి 916), అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే నగ గుర్తింపు నంబరు ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్ ఫోన్లో వేసుకుని కౌంటర్ దగ్గరే ఆ నంబరు కొట్టండి. స్వచ్ఛత, ముద్ర వేసిన కేంద్రం, అది ఏ రకం నగ, అన్నీ వస్తాయి. మీ చేతిలో కమ్మలుండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఏదో తేడా ఉన్నట్టే. తర్వాతెప్పుడైనా పరీక్ష చేయించినప్పుడు చెప్పిన స్వచ్ఛత కన్నా తక్కువ తేలితే, తగ్గిన దానికి రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా ఇవ్వాలని నియమం ఉంది, కాబట్టి బిల్లు పారేయకండి.

రాళ్లను పరీక్షించే ల్యాబులు ఇచ్చే సర్టిఫికెట్లు మన దగ్గర ఎక్కువగా ఐజీఐ, ఎస్‌జీఎల్ ల్యాబులవి, పెద్ద సాలిటైర్లకు జీఐఏ ల్యాబువి. జీఐఏ వాళ్లు విడి రాయికే గ్రేడ్ ఇస్తారు, రాయి నడుము మీద కంటికి కనిపించనంత సన్నగా నంబరు చెక్కి ఉంటే దాన్ని లూప్‌లో చూపించమని, అదే నంబరు ల్యాబ్ వెబ్‌సైట్లో కొట్టి చూపించమని అడగండి. చిన్న రాళ్ల నగకు వచ్చే కార్డులో మొత్తం నగ ఫోటో, మొత్తం రాళ్ల బరువు, రంగు శుభ్రత ఉజ్జాయింపుగా ఉంటాయి. ఆ ఫోటో మీ నగదేనా, కార్డు మీద బరువూ బిల్లు మీద బరువూ ఒకటేనా చూడండి. దుకాణం వాళ్లు సొంతంగా అచ్చేయించి ఇచ్చే గ్యారంటీ కార్డు సర్టిఫికెట్ కాదు.

ఇప్పుడు బిల్లు. లెక్క సులువు కోసం 18 క్యారెట్ గ్రాము 10,000 అనుకుందాం, వజ్రాలు క్యారెట్ 70,000 అనుకుందాం. ఒక జత కమ్మలు తూకంలో 6.120 గ్రాములు వచ్చాయి, దీన్ని గ్రాస్ వెయిట్ అంటారు. రాళ్లు 60 సెంట్లు, అంటే 0.120 గ్రాములు. తీసేస్తే నికర బంగారం 6 గ్రాములు, నెట్ వెయిట్. బంగారానికి 60,000. రాళ్లకు 42,000. మజూరీ 15 శాతం అనుకుంటే 9,000. మొత్తం 1,11,000, దాని మీద 3 శాతం జీఎస్టీ 3,330, వెరసి 1,14,330. రేపు తిరిగి ఇచ్చేస్తే ఏం వస్తుంది? బంగారం ఆ రోజు రేటుకు వస్తుంది. మజూరీ, జీఎస్టీ కలిపి 12,330 పోయినట్టే. రాళ్లకు ఎంత అన్నది పూర్తిగా ఆ దుకాణం రాసిచ్చిన మాట మీదే. అందుకే కొనేముందు రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఇదే ఇచ్చి ఇంకో నగ తీసుకుంటే రాళ్లకు ఎంత కడతారు, నగదు కావాలంటే ఎంత ఇస్తారు. ఈ రెండు జవాబులు ఎప్పుడూ ఒకటి కావు. నోటిమాట కాదు, బిల్లు మీద ఉండాలి, ఎందుకంటే మీరు తిరిగి వెళ్లేనాటికి ఆ సేల్స్ అబ్బాయి అక్కడ ఉండడు.

గ్రాస్, నెట్ తేడా ఈ కమ్మల్లో చిన్నగా కనిపిస్తుంది కానీ నల్లపూసల దగ్గరికి వస్తే కొంప ముంచుతుంది. వజ్రాల లాకెట్ ఉన్న నల్లపూసల గొలుసు 14 గ్రాములు తూగిందనుకోండి, అందులో పూసలే 3 గ్రాములుంటే, వాటిని తీసేయకుండా బంగారం రేటు వేస్తే గాజుపూసలకు 30,000 కట్టినట్టు, పైగా దాని మీద మజూరీ కూడా. పచ్చలు, కెంపులు, ముత్యాలు వేలాడే హారాలకూ ఇదే. కౌంటర్లో ఉన్నప్పుడు నా కళ్లముందే ఒకావిడ తన మనవరాలి కోసం తెచ్చిన నల్లపూసల పాత బిల్లు చూపించింది, వేరే చోట కొన్నది, దాని మీద నెట్ వెయిట్ అనే గడే లేదు. ఆమె ముఖం నాకింకా గుర్తు. బిల్లులో గ్రాస్, రాళ్లు, పూసలు, నెట్ అని నాలుగు అంకెలూ విడిగా లేకపోతే డబ్బు కట్టకండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పదు, పాన్ కార్డు కూడా అడుగుతారు, అది వెంట పెట్టుకోండి. బిల్లు లేకుండా తీసుకుంటే జీఎస్టీ మిగులుతుందని ఎవరైనా అంటే ఆ మాట వినకండి, బిల్లు లేని వజ్రాన్ని రేపు ఏ దుకాణమూ ముట్టదు. ఏదైనా తేడా వచ్చి దుకాణం వాళ్లు పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బేరం ఎక్కడ ఆడాలి? బంగారం రేటు మీద కాదు, మజూరీ మీద, ఆ తర్వాత రాళ్ల క్యారెట్ రేటు మీద. "మజూరీలో 50 శాతం తగ్గింపు" అన్న బోర్డు చూసి ఆగిపోకండి, రాళ్ల రేటు పెంచి మజూరీ తగ్గించినా మీకు ఒరిగేదేమీ లేదు. హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట వైపు పెద్ద షోరూంలు, వరంగల్ జేపీఎన్ రోడ్డు వైపు పాత దుకాణాలు, కనీసం రెండు చోట్ల ఒకే గ్రేడ్, ఒకే బరువు రాళ్లకు ఎస్టిమేట్ కాగితం తీసుకుని ఇంటికి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అక్షయ తృతీయ, ధన త్రయోదశి రోజుల్లో వజ్రాలు మాత్రం కొనకండి, ఆ జనంలో లూప్ ఇచ్చే తీరిక ఎవరికీ ఉండదు, కావాలంటే ఆ రోజు ఒక గ్రాము బిళ్ల కొని శాస్త్రం తీర్చుకోండి. నెలనెలా కట్టే స్కీములో చేరితే, అందులో ఇచ్చే తగ్గింపు వజ్రాల నగలకు వర్తిస్తుందో లేదో మొదటి నెలే అడగండి. జగిత్యాల, నిజామాబాద్ వైపు దుబాయ్ నుంచి తెప్పించుకునేవాళ్లు ఎక్కువ. వాళ్లు రాయి సర్టిఫికెట్, అక్కడి బిల్లు తప్పకుండా తెప్పించుకోవాలి, లేకపోతే ఇక్కడ మార్చేటప్పుడు బంగారం ఒక్కటే లెక్కకొస్తుంది.

పాత నగలు మార్చేవాళ్లకు ఒక మాట, ఇది మా ఇంట్లో జరిగింది. అమ్మకు పెళ్లిలో పెట్టిన ఏడు రాళ్ల కమ్మలు ఉండేవి, రెండు చెవులకు కలిపి 14 రాళ్లు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక దుకాణంలో వాటిని మార్చాం. "పాత కటింగు, వీటికేమీ రాదు" అని రాళ్ల బరువు తీసేసి బంగారానికి కట్టారు, సరే అన్నాం, రాళ్లు కూడా అక్కడే వదిలేసి వచ్చాం. రాళ్ల బరువుకు డబ్బు కట్టనప్పుడు రాయి మనదే కదా, అడిగి తెచ్చుకోవాలన్న ఆలోచనే రాలేదు. అమ్మ ఇప్పటికీ చెవి తడుముకుంటూ ఆ కమ్మల మాట ఎత్తుతుంది. మీరు మాత్రం, రాళ్లకు ధర కట్టకపోతే మీ కళ్లముందే ఊడదీయించి పొట్లం కట్టించుకుని తెచ్చుకోండి. కొత్త బంగారంలో మళ్లీ బిగించుకోవచ్చు, వజ్రం అరగదు.

బిగింపు ఎలా చూడాలో మా వీధి అవుసలాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన కమ్మను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, వేలి గోటితో మెల్లగా తట్టేవాడు. రాయి వదులైతే సన్నగా టిక్ టిక్ అని వినిపిస్తుంది. తర్వాత పాత నూలు చీర ముక్క తెచ్చి రాళ్ల మీదుగా లాగేవాడు, ఎక్కడైనా పోగు పట్టుకుంటే ఆ గోరు లేచినట్టు. రెండూ కొనేటప్పుడే చేయండి, తర్వాత ఏడాదికొకసారి చేయండి. రోజూ పెట్టుకునే ఉంగరానికి రాయి చుట్టూ బంగారపు గట్టు కట్టిన బిగింపు మేలు, గోళ్లు ఎత్తుగా ఉన్నవి తలలో దువ్వెన పెట్టినా, బట్టలు ఉతికినా చిక్కుకుంటాయి. ఉంగరం చుట్టూతా రాళ్లున్న డిజైన్ అయితే తర్వాత సైజు మార్చడం కష్టం, అది కూడా గుర్తుంచుకోండి.

రాయి మసకబారితే భయపడకండి. వజ్రానికి జిడ్డు పట్టుకునే గుణం ఎక్కువ, మన పసుపు, కొబ్బరి నూనె, క్రీములు వెనక వైపు పేరుకుని మెరుపు చంపేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పావుగంట నానబెట్టి, పిల్లల మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి రుద్దండి. సింకు జాలీ మీద కాదు, గిన్నెలోనే కడగండి. బ్లీచింగ్ నీళ్లు వద్దు, బంగారపు గోళ్లు బలహీనపడతాయి. వజ్రం వజ్రాన్ని కోస్తుంది, కాబట్టి నగలన్నీ ఒకే డబ్బాలో కుమ్మరించకుండా ఒక్కోదాన్ని విడి సంచిలో పెట్టండి. గట్టిదే అయినా పక్క నుంచి బలమైన దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది, రోట్లో దంచేటప్పుడు ఉంగరం తీసేయండి.

పెద్దమ్మ బిడ్డకు మొన్న శ్రావణంలో పెళ్లయింది. కమ్మలు కొనడానికి నన్ను వెంట తీసుకెళ్లింది. ఏడు రాళ్లవే, జీహెచ్ వీఎస్, నెట్ వెయిట్ 5 గ్రాములు. బంగారం కోసమని గొలుసు వేరుగా 22లో తీసుకుంది. సేల్స్ అబ్బాయి బిల్లు ఇచ్చాక పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వరస మీద వేలు పెట్టి, "ఇది రాయి బరువు, ఇది కూలి, ఇది వాపసు ఇస్తె వచ్చేది, అంతేనా బిడ్డా?" అని అతన్నే అడిగింది. తర్వాత బిల్లును, కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఫోటో తీసి నాకూ పంపించమంది. అది ఇప్పుడు నా ఫోన్లో ఉంది.